నాదకథకుడు ప్రొకోఫియెవ్

శిశువులు, పశువులు, పాములు సైతం గానరసానికి పరవశిస్తాయని మన పెద్దలు చెబుతూ వచ్చారు. గానానికి ఇంతటి శక్తి ఉన్నా, అందులోని సూక్ష్మాలను గ్రహించడానికి చెవికి కొంత శిక్షణ అవసరం. ఆ శిక్షణను పసివారికి విసుగు కలగకుండా ఇవ్వడం ఎలా అన్నది సంగీతజ్ఞులను చిరకాలంగా ఆలోచింపజేసిన ప్రశ్న. తెలుగునాట ఈ ప్రశ్నకు కథ సమాధానమైంది. హరికథకుడు చిడతలు చేతబట్టి, కాలికి గజ్జెలు కట్టి ధ్రువుని కథనో ప్రహ్లాదుని కథనో గానం చేస్తుంటే, రాగతాళాల పేర్లు ఎరుగని పల్లెవాసులు సైతం తన్మయులై విన్నారు. బుర్రకథలో తంబుర మీటు, గుమ్మెట మోత కథాగమనానికి తోడుగా నిలిచాయి. హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు 1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు కావడం కథకూ సంగీతవిద్యకూ గల బంధానికి చక్కని నిదర్శనం.

ఈ బంధాన్నే దూరదేశమైన రష్యాలో మరొక రీతిగా గుర్తించిన స్వరకర్త సెర్గెయ్ ప్రొకోఫియెవ్. ఆయన అనేక నాటకగానాలను, సింఫనీలను, నృత్యరూపకాలను రచించాడు. అయినా ప్రపంచంలోని బాలబాలికలకు ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది దాదాపు ఇరవైఐదు నిమిషాల్లో ముగిసే ఒక చిన్న కథ. దాని పేరు ‘పీటర్ – తోడేలు’. పాశ్చాత్య వాద్యబృందంలోని వాద్యాలను పిల్లలకు పరిచయం చేయడానికే ఆయన 1936లో ఆ రచన చేశాడు. ఆ చిన్న కథ పుట్టుకకు దారితీసిన ఆయన బాల్యం, ఆ తరువాత ఆయన అనుభవించిన కష్టాలు తెలుసుకోదగినవి.

ప్రొకోఫియెవ్ 1891 ఏప్రిల్ నెలలో సొంత్సోవ్కా గ్రామంలో జన్మించాడు. ఆనాడు రష్యా సామ్రాజ్యంలో ఉన్న ఆ గ్రామం నేటి ఉక్రెయిన్ దేశపు దొనెత్స్క్ ప్రాంతంలోనిది. తండ్రి వ్యవసాయశాస్త్రం చదివినవాడు. ఒక భూస్వామి కమతానికి పర్యవేక్షకుడు. తల్లి మరియా గ్రిగోర్యెవ్నా పియానో వాదనంలో నేర్పరి. అంతకు పూర్వం పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు పసితనంలోనే కన్నుమూయడంతో ఆ దంపతులు తమ ఆశలన్నీ ఈ బాలునిపైనే నిలుపుకొన్నారు.

బాలుడు పడకపై నిద్రకు ఉపక్రమించే వేళ, అవతలి గదిలో తల్లి వాయించే బీథోవెన్, షొపేన్ రచనలు అతని చెవిన పడుతూ ఉండేవి. ఆమె కుమారునికి పియానో నేర్పిన పద్ధతి విలక్షణమైనది. ఒకే పాఠాన్ని పదేపదే వల్లె వేయించి విసిగించడం ఆమెకు ఇష్టం లేదు. రోజుకు కొద్దిసేపు మాత్రమే సాధన చేయించేది. వీలైనన్ని కొత్త రచనలను అతని ముందు ఉంచి, అందులో ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో, ఎందుకు నచ్చలేదో అతని చేతనే చెప్పించేది. పిల్లవానికి కూడా ఒక అభిరుచి ఉంటుందనీ, దానిని గౌరవించాలనీ ఆమె విశ్వసించింది. ప్రొకోఫియెవ్ పెద్దవాడైన తరువాత బాలల కోసం చేసిన రచనలన్నింటిలోనూ ఈ విశ్వాసమే ప్రతిఫలించింది.

ఐదేళ్ళ ప్రాయంలో ఆ బాలుడు చేసిన తొలి రచనకు మన దేశంతో సంబంధం ఉండటం ఆశ్చర్యకరమైన విషయం. 1896లో ఇంటిలోని పెద్దలు భారతదేశంలోని కరువును గురించి మాట్లాడుకొంటూ ఉండగా అతడు విన్నాడు. ఆ మాటలు మనసులో మెదులుతూ ఉండగా ఒక చిన్న బాణీని కల్పించి దానికి ‘ఇండియన్ గాలప్’ అని పేరు పెట్టాడు. గాలప్ అనేది ఐరోపాలో వేగంగా సాగే ఒక నృత్యగతి. పియానో మీది నల్ల మెట్లను తాకడానికి ఆ చిన్ని వేళ్ళు జంకాయి. అందువల్ల ఆ బాణీ కేవలం తెల్ల మెట్ల మీదనే నడిచింది. స్వరలిపి సరిగా రాయడం ఇంకా తెలియని కుమారుని కోసం తల్లియే దానిని కాగితం మీద పెట్టింది. కరువు బాధ ఏమిటో ఆ పసివానికి తెలిసి ఉండదు. అయితే విన్న వార్తను నాదంగా మలచాలనే కోరిక మాత్రం ఆనాడే అతనిలో మొలకెత్తింది.

ఎనిమిదేళ్ళ వయసులో తల్లిదండ్రులతో కలిసి మాస్కో వెళ్ళినప్పుడు అతడు తొలిసారిగా నాటకగానాన్ని చూశాడు. వేదిక మీద కథ నడుస్తూ ఉంటే, వేదిక ముందు వాద్యబృందం ఆ కథను నాదంతో నడిపించడం అతనిని అబ్బురపరచింది. ఇంటికి తిరిగి వచ్చి తానూ అటువంటిది రాస్తానని పట్టుపట్టాడు. తొమ్మిదేళ్ళ వయసులో ఒక భీమకాయుని కథను నాటకగానంగా రచించాడు. బంధువుల ఇంటిలో పిల్లలే పాత్రధారులై దానిని ప్రదర్శించారు. ఈ ఉత్సాహాన్ని గమనించిన తల్లిదండ్రులు 1902 వేసవిలో రీన్‌హోల్డ్ గ్లియేర్ అనే యువ స్వరకర్తను గురువుగా రప్పించారు. ఆయన పాఠం ముగిసిన తరువాత శిష్యునితో సమానంగా కూర్చుని చదరంగం ఆడేవాడు. గురువు పట్ల భయం కాక స్నేహం ఏర్పడటం వల్ల బాలుని విద్య శీఘ్రంగా సాగింది.

1904లో పదమూడేళ్ళ ప్రొకోఫియెవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ సంగీత విద్యాలయంలో ప్రవేశపరీక్షకు హాజరయ్యాడు. నాలుగు నాటకగానాలు, రెండు సొనాటాలు, ఒక సింఫనీ, పియానో రచనలు నిండిన కట్టలను చేతబట్టుకొని వచ్చిన ఆ బాలుని చూసి పరీక్షకులు విస్మయం చెందారు. తోటి విద్యార్థులందరూ అతనికంటే వయసులో పెద్దవారు. అతడు చురుకైనవాడే కాని నోటి దురుసు కలవాడు. ఇతరుల తప్పులను లెక్కవేసి చెప్పడం వల్ల మిత్రులను సంపాదించుకోలేకపోయాడు. సంగీతం తరువాత అతనికి ప్రాణప్రదమైనది చదరంగమే. 1914లో హోసే రౌల్ కాపబ్లాంకా ఒకేసారి అనేకులతో ఆడిన ప్రదర్శన క్రీడలో ప్రొకోఫియెవ్ ఆయనను ఒక ఆటలో ఓడించాడు. కాపబ్లాంకా 1921లో ప్రపంచ విజేత అయ్యాడు. అదే 1914లో ప్రొకోఫియెవ్ తాను రచించిన పియానో కచేరీని తానే వాయించి విద్యాలయపు అత్యున్నత బహుమతిని గెలుచుకొన్నాడు. ఆ సంవత్సరమే ఆండర్సన్ రచించిన బాతుపిల్ల కథను గాత్రానికి, పియానోకు అనువుగా స్వరపరచాడు. పిల్లల కథకు గంభీరమైన సంగీతాన్ని కూర్చవచ్చునని ఆయన ఆనాడే నిరూపించాడు.

1917లో రష్యాలో విప్లవం సంభవించింది. దేశం అల్లకల్లోలంగా ఉన్న ఆ రోజులలో సంగీతానికి ఆదరణ కరవవుతుందని భావించి, 1918లో ఆయన సైబీరియా మీదుగా జపాన్ చేరి, అక్కడి నుండి అమెరికా వెళ్ళాడు. 1921లో షికాగో నగరంలో ఆయన నాటకగానం ‘మూడు నారింజల మీది ప్రేమ’ ప్రదర్శితమైంది. తరువాత ఐరోపాకు మరలి, 1923లో లీనా అనే గాయనిని వివాహమాడాడు. 1924లో స్వ్యతొస్లావ్, 1928లో ఒలేగ్ అనే ఇద్దరు కుమారులు జన్మించారు. పారిస్‌లో పేరు, ధనం లభించినా మాతృభాష వినపడని చోట ఆయన మనసు నిలవలేదు. 1936లో భార్యాబిడ్డలతో మాస్కో చేరి అక్కడే స్థిరపడ్డాడు.

ఆయన స్వదేశానికి తిరిగి వచ్చిన కాలం సామాన్యమైనది కాదు. స్టాలిన్ పాలనలో కళలపై ప్రభుత్వపు పట్టు బిగుస్తూ ఉన్నది. 1936 జనవరిలోనే షొస్తకోవిచ్ రచించిన ఒక నాటకగానాన్ని ప్రభుత్వ పక్షపు పత్రిక తీవ్రంగా దుయ్యబట్టింది. ఏ స్వరం మెప్పు తెస్తుందో, ఏ స్వరం ముప్పు తెస్తుందో తెలియని పరిస్థితిలో స్వరకర్తలు జీవించవలసి వచ్చింది. అటువంటి వాతావరణంలో ప్రొకోఫియెవ్‌కు ఒక బాలల నాటకశాల నుండి పిలుపు వచ్చింది.

ఆ నాటకశాలను నడిపిన నతాలియా సాత్స్ 1903లో జన్మించింది. ఆమె తండ్రి కూడా స్వరకర్తయే. పదిహేనేళ్ళ వయసులోనే మాస్కో నగరంలో బాలల నాటక ప్రదర్శనల బాధ్యతను చేపట్టిన ధీశాలి ఆమె. ప్రొకోఫియెవ్ తన కుమారులను వెంటబెట్టుకొని ఆమె నాటకశాలకు వచ్చినప్పుడు వారికి పరిచయం కలిగింది. ఆమె మనసులో చాలాకాలంగా ఒక ఆలోచన ఉంది. వాద్యబృందపు కచేరీకి వచ్చిన పిల్లలు కొద్దిసేపటికే కదలడం, గుసగుసలాడటం ఆరంభిస్తారు. అందుకు కారణం సంగీతం పట్ల విముఖత కాదు; వినిపించే నాదంలో ఏది ఎవరిదో వారికి తెలియకపోవడమే.

ఈ సమస్యను కొంచెం వివరంగా గ్రహించాలి. మన ప్రాచీనులు వాద్యాలను నాలుగు తెగలుగా విభజించారు. తీగలు గలవి తత వాద్యాలు. గాలి ఊదేవి సుషిర వాద్యాలు. చర్మం బిగించినవి అవనద్ధ వాద్యాలు. లోహం, కొయ్య వంటి గట్టి పదార్థాలతో చేసి తాడనం వల్ల మ్రోగేవి ఘన వాద్యాలు. ఈ విభాగాన్ని భరతుని నాట్యశాస్త్రంలో చూడగలం. పాశ్చాత్య వాద్యబృందంలో ఈ నాలుగు తెగలూ ఉంటాయి. వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బేస్ తత వాద్యాలు. వేణువు, ఓబో, క్లారినెట్, బసూన్, హారన్, ట్రంపెట్, ట్రాంబోన్ సుషిర వాద్యాలు. నగారా వంటి టింపనీలు అవనద్ధాలు కాగా, తాళాల వంటి సింబల్స్, ముక్కోణపు ట్రయాంగిల్ ఘన వాద్యాలు. పెద్ద బృందంలో పదుల సంఖ్యలో వాద్యకారులు ఒక్కసారిగా వాయిస్తారు. శిక్షణ లేని చెవికి అది విడదీయరాని ధ్వనిప్రవాహంగా తోస్తుంది. సంతలో వినిపించే కోలాహలంలో మనకు తెలిసినవారి గొంతును మాత్రమే మనం గుర్తుపట్టగలం. అలాగే వాద్యం కూడా పరిచితమైతేనే దాని కంఠాన్ని చెవి గుర్తుపడుతుంది.

అందుచేత ప్రతి వాద్యాన్నీ ఒక పాత్రగా మార్చి కథలో నిలబెట్టాలని నతాలియా సాత్స్ సూచించింది. ప్రొకోఫియెవ్ ఆ సూచనను ఉత్సాహంతో అంగీకరించాడు. మొదట వేరొక రచయిత్రి ఛందోబద్ధంగా సమకూర్చిన కథ ఆయనకు నచ్చలేదు. ప్రాసల సందడిలో సంగీతం మరుగున పడుతుందని భావించి, తేలికైన వచనంలో తానే కథను రాసుకొన్నాడు. 1936 ఏప్రిల్‌లో కొద్దిరోజులలోనే పియానో ప్రతిని పూర్తిచేసి, ఆ నెలాఖరులోగా వాద్యబృందానికి అనువుగా విస్తరించాడు.

కథ చాలా సరళమైనది. పీటర్ అనే బాలుడు ఒకనాటి ఉదయం తాత ఇంటి తలుపు తెరచుకొని పచ్చిక బయలులోకి వస్తాడు. చెట్టు మీద ఒక చిన్న పక్షి అతనిని పలకరిస్తుంది. తెరచి ఉంచిన తలుపులో నుండి ఒక బాతు వెలుపలికి వచ్చి చెరువులో ఈదుతూ పక్షితో వాదులాడుతుంది. పిల్లి ఒకటి పక్షిని పట్టాలని మెల్లగా పొంచి వస్తుంది. అడవి నుండి తోడేలు వస్తే ఏమి చేస్తావని తాత కోపించి మనుమని లోపలికి తీసుకొనిపోయి తలుపు బిగిస్తాడు. అంతలో నిజంగానే తోడేలు వస్తుంది. పిల్లి చెట్టెక్కుతుంది. తొందరపాటుతో ఒడ్డుకు వచ్చిన బాతును తోడేలు మింగివేస్తుంది. పీటర్ వెరువక ఒక తాడును సంపాదించి గోడ మీదుగా చెట్టెక్కుతాడు. పక్షి తోడేలు తల చుట్టూ ఎగురుతూ దాని దృష్టిని మరలుస్తూ ఉండగా, పైనుండి ఉచ్చు వదలి దాని తోకను బిగిస్తాడు. వేటగాండ్రు తుపాకులు పేలుస్తూ వస్తారు. తోడేలును కాల్చవద్దని పీటర్ వారిని వారించి, దానిని జంతు ప్రదర్శనశాలకు ఊరేగింపుగా తీసుకొనిపోతాడు.

ఇందులో పీటర్‌కు వయొలిన్ మొదలైన తంత్రీ వాద్యాలు కంఠమయ్యాయి. అతని నడకలోని హుషారు ఆ బాణీలో వినిపిస్తుంది. పక్షికి వేణువు. బాతుకు ఓబో. మన సన్నాయి వలె జంట పీకతో పలికే వాద్యం కనుక ఓబో ధ్వనిలో ముక్కుతో పలికినట్టి ఒక ఆర్ద్రత ఉంటుంది. పిల్లికి క్లారినెట్. పెళ్ళి మేళాల బ్యాండులో దానిని చూసినవారు మనలో ఎందరో ఉన్నారు. ప్రొకోఫియెవ్ దానిచేత మంద్రస్థాయిలో చిన్న చిన్న స్వరాలను తెంపి తెంపి పలికించడం వల్ల పిల్లి అడుగులు కళ్ళకు కట్టినట్లుంటాయి. గొణుగుతూ నడిచే తాతకు బసూన్ అనే బరువైన సుషిర వాద్యం. తోడేలుకు మూడు ఫ్రెంచ్ హారన్లు. మన కొమ్ముబూరను తలపించే ఆ వాద్యాలు ముప్పేటగా మ్రోగితే చీకటి అడవి కదలివచ్చినట్లు తోస్తుంది. వేటగాండ్ర తుపాకుల మోతను టింపనీలు, పెద్ద డ్రమ్ము వినిపిస్తాయి.

కథారంభానికి ముందు ఒక్కొక్క వాద్యాన్ని పిల్లలకు చూపి, దాని బాణీని వినిపించాలని ప్రొకోఫియెవ్ నిర్దేశించాడు. ఆ తరువాత కథకుడు కొద్దిగా చెప్పి ఆగుతాడు. మిగిలినది వాద్యాలు చెబుతాయి. బాణీ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. పిల్లి మెల్లగా పొంచినప్పుడు నెమ్మదిగా ఉన్న క్లారినెట్, ప్రాణభయంతో చెట్టెక్కేటప్పుడు పరుగులు తీస్తుంది. పాత్ర అదే, కంఠం అదే, స్థితి మాత్రం మారింది. ఈ విధంగా బాలుడు తనకు తెలియకుండానే రెండు విద్యలను అభ్యసిస్తాడు. ఒకటి, కంఠాన్ని బట్టి వాద్యాన్ని పోల్చుకోవడం. రెండవది, స్వరగతిని బట్టి భావాన్ని గ్రహించడం. చివర ఊరేగింపు సాగుతూ ఉండగా చెవియొగ్గి వినమని కథకుడు చెబుతాడు. అప్పుడు తోడేలు కడుపులో నుండి ఓబో సన్నగా వినిపిస్తుంది. నమలకుండా మింగడం వల్ల బాతు ఇంకా బ్రతికే ఉంది. ఆ సన్నని ధ్వనిని గుర్తించిన పిల్లవాడు కచేరీకి వచ్చిన ఫలితాన్ని పొందినట్లే.

1936 మే 2వ తేదీన మాస్కోలో జరిగిన తొలి ప్రదర్శన అంతగా రక్తికట్టలేదు. అనారోగ్యం వల్ల నతాలియా సాత్స్ ఆనాడు కథ చెప్పలేకపోయింది. తరువాత బాలల నాటకశాలలో ఆమె స్వయంగా కథకురాలై నిలిచినప్పుడు పిల్లలు ఆ రచనను అక్కున చేర్చుకొన్నారు. అయితే ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. 1937లో ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. ఉన్నత పదవిలో ఉన్న ఆమె భర్తను 1938లో కాల్చిచంపారు. ఆమె ఐదేళ్ళు నిర్బంధ శిబిరాలలో గడపవలసి వచ్చింది. తోడేలు ఎదురైనా జంకని బాలుని కథను కోరి రాయించుకొన్న ఆమె, నిజజీవితంలో అంతకంటే భయంకరమైన శక్తికి చిక్కింది.

కథ మాత్రం ఎల్లలు దాటింది. 1938లో ప్రొకోఫియెవ్ అమెరికాలో పర్యటించినప్పుడు బోస్టన్ నగరంలో అది ప్రదర్శితమైంది. ఆ పర్యటనలోనే ఆయన హాలీవుడ్‌లో వాల్ట్ డిస్నీని కలిసి, దానిని పియానోపై వినిపించాడు. డిస్నీ సంస్థ 1946లో ఆ కథను బొమ్మల చిత్రంగా వెలువరించింది. అదే సంవత్సరం ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ వాద్యపరిచయం కోసం చేసిన మరొక రచన తొలిసారి వేదికనెక్కింది. బాలలకు వాద్యాలను పరిచయం చేసే రచనలలో ఈ రెండూ నేటికీ అగ్రస్థానంలో ఉన్నాయి.

1938 తరువాత ప్రొకోఫియెవ్‌కు విదేశయానం మళ్ళీ లభించలేదు. 1941లో ఆయన కుటుంబాన్ని విడిచి మీరా మెండెల్సన్ అనే రచయిత్రితో జీవించసాగాడు. ఈ నిర్ణయం భార్యకు, కుమారులకు తీరని వేదన కలిగించింది. యుద్ధకాలంలో ఆయన గొప్ప రచనలు చేశాడు. 1945 జనవరిలో తన ఐదవ సింఫనీని స్వయంగా నిర్వహించి జనుల మన్ననలను అందుకొన్నాడు. ఆ వెంటనే కిందపడి తలకు దెబ్బ తగలడంతో ఆరోగ్యం శాశ్వతంగా దెబ్బతిన్నది. 1948 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయన సంగీతం ప్రజలకు దూరమైనదని ఖండిస్తూ తీర్మానం వెలువరించింది. అనేక రచనలు వేదికల మీద నుండి మాయమయ్యాయి. అదే నెలలో లీనాను నిర్బంధించి, ఇరవై ఏళ్ళ శిక్ష విధించారు. 1956లో విడుదలయ్యే వరకు ఆమె శిబిరాలలోనే మగ్గింది.

అనారోగ్యం, ఆర్థికమైన ఇబ్బంది, అవమానం చుట్టుముట్టిన ఆ చివరి సంవత్సరాలలో ఆయన మరల బాలల వైపు తిరిగాడు. పిల్లల శీతకాలపు విహారయాత్రను వర్ణించే ఒక రచన చేశాడు. ఆయన చివరి సింఫనీ అయిన ఏడవ సింఫనీని కూడా బాలల రేడియో విభాగం కోసమే సంకల్పించాడు. అది మెల్లగా, దూరమవుతున్న జ్ఞాపకం వలె ముగుస్తుంది. ఉత్సాహభరితంగా ముగిస్తే ప్రభుత్వ బహుమతి లభించవచ్చునని సూచన రాగా, ఆయన మరొక ముగింపును రాసి ఇచ్చాడు. అయితే మెల్లని ముగింపే అసలైనదనీ, దానినే నిలుపవలసిందనీ ఆత్మీయులకు తెలిపాడు. 1952లో అది తొలిసారిగా ప్రదర్శితమైంది. 1957లో దానికే మరణానంతరం లెనిన్ బహుమతి లభించింది.

1953 మార్చి 5వ తేదీన ప్రొకోఫియెవ్ మాస్కోలో కన్నుమూశాడు. విచిత్రమేమంటే అదే రోజున స్టాలిన్ కూడా మరణించాడు. నాయకుని భౌతికకాయాన్ని దర్శించవచ్చిన జనసమూహాలతో వీథులన్నీ నిండిపోయాయి. నగరంలోని పూలన్నీ అటే తరలిపోయాయి. స్వరకర్త అంత్యక్రియలకు కొద్దిమంది మాత్రమే హాజరు కాగలిగారు. పొరుగువారు కుండీలలోని మొక్కలను తెచ్చి ఆ లోటును తీర్చారని చెబుతారు. పత్రికలలో సైతం ఆ మరణవార్తకు వెంటనే చోటు దొరకలేదు.

కాలం ఇచ్చిన తీర్పు మరొక విధంగా ఉంది. శిబిరం నుండి బయటపడిన నతాలియా సాత్స్ తన సంకల్పాన్ని విడువలేదు. కజకిస్థాన్‌లోని అల్మా-అతా నగరంలో బాలల నాటకశాలను నెలకొల్పింది. 1965లో మాస్కోలో బాలల కోసమే ఒక సంగీత నాటకశాలను స్థాపించింది. 1993లో ఆమె మరణించింది. నేడు ఆ సంస్థ ఆమె పేరుతోనే నడుస్తున్నది. ‘పీటర్ – తోడేలు’ అనేక భాషలలోకి వెళ్ళింది. సూజీ టెంపుల్టన్ దర్శకత్వంలో వెలువడిన బొమ్మల చిత్రరూపం 2008లో ఆస్కార్ బహుమతిని అందుకొన్నది.

ప్రొకోఫియెవ్ జీవితం మనకు ఒక ఉపయుక్తమైన ఆలోచనను అందిస్తుంది. నేడు హైదరాబాదులోని ప్రగతి నగర్ వంటి కొత్త నివాస ప్రాంతాలలో కీబోర్డు నేర్చుకొనే పిల్లలు కనిపిస్తారు. ఒక మీట నొక్కితే వేణువు, మరొక మీట నొక్కితే క్లారినెట్ పలుకుతాయి. ధ్వని సులభంగా లభిస్తున్నది. కాని వెదురు రంధ్రాల మీద వేళ్ళు కదలడం, పీక మీద పెదవులు బిగియడం కంటికి కనిపించవు. వాద్యాన్ని చూపి, దాని గొంతును వినిపించి, కథలో దానికొక బ్రతుకు కల్పించాలన్న ప్రొకోఫియెవ్ పద్ధతి ఈ కాలానికి మరింత అవసరం. మన వాద్యాలకూ అది వర్తిస్తుంది. చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభ కథను తీసుకొందాం. లేడికి వేణువు, తాబేటికి ఘటం, ఎలుకకు చిడతలు, కాకికి సన్నాయి, వేటగానికి డప్పు కంఠాలైతే, వల కొరికే ఘట్టంలో చిడతల వేగాన్ని ఏ పిల్లవాడు మరువగలడు?

పిల్లల కోసం చేసే పని చిన్నపని అని ప్రొకోఫియెవ్ ఏనాడూ తలచలేదు. ఐదవ సింఫనీ రచనలో చూపిన శ్రద్ధనే ఆయన బాతు బాణీ మీదా చూపాడు. బాలుని అభిరుచిని గౌరవించమని తల్లి నేర్పిన పాఠాన్ని జీవితాంతం పాటించాడు. ఆయనను ఖండించిన తీర్మానం నేడు చరిత్ర గ్రంథాలకే పరిమితమైంది. పచ్చిక బయలులోకి తలుపు తెరచిన పీటర్ మాత్రం ప్రతి తరంలోనూ కొత్త చెవులకు వాద్యలోకపు తలుపులు తెరుస్తూనే ఉన్నాడు.